పేచీగారి స్కానింగ్ గది

పొద్దున్నే స్కానింగ్ గది తలుపు తీయగానే ఆయన ముందు బల్లను తడిగుడ్డతో తుడిచేవారు. తరవాత మిషన్‌ను ఖాళీగా తిప్పేవారు. పాటగాడు గొంతు సవరించుకున్నట్టు, ఎక్స్‌రే గొట్టం కూడా పని మొదలుపెట్టే ముందు కాస్త వేడెక్కాలట. అది గుర్రుగుర్రుమంటున్నంతసేపూ ఆయన అద్దం వెనక గదిలో కుర్చీలో కూర్చుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకునేవారు. కొత్తగా చూసినవాళ్ళు ధ్యానం అనుకునేవారు. ధ్యానమూ కాదు, పాడూ కాదు. ఆ రోజు వచ్చే పేషెంట్లతో దేని గురించి గొడవ పడాలా అని ఆలోచించుకునేవారు.

ఆయనలో ఉన్న విశేషమల్లా అదొక్కటే. గొడవ పెట్టుకోకుండా ఆయన ఎవరినీ స్కాన్ చేయలేదు. ఎదుటి మనిషి లావా సన్నమా, పేదా గొప్పా, తలా పొట్టా అని చూసేవారు కాదు. మిషన్‌లోకి వెళ్ళే ప్రతి మనిషీ ఆయనతో ఒక తగువు పడి వెళ్ళాల్సిందే. ఎదురుగా అందరూ మాస్టారూ అనేవారు. వెనక మాత్రం ఆయన పేరు పేచీగారు.

ఒకరోజు రిటైరైన హెడ్మాస్టరొకాయన తలకి స్కాన్ చేయించుకోవడానికి వచ్చారు. బయట వాన. హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి, ఉంగరం తీసి, కొంచెం వణుకుతూనే బల్ల మీద కూర్చున్నారు.

"గొడుగు తెచ్చారా?" అన్నారు పేచీగారు.

"తెచ్చాను. వరండాలో పెట్టాను."

"తెరిచి పెట్టారా, మూసి పెట్టారా?"

"మూసి."

"అనుకున్నాను. తడి గొడుగు మూసి పెట్టే మనిషిని మొహం చూసే చెప్పేయగలను నేను."

హెడ్మాస్టరు వణుకు ఆగింది. "ఏం? మూసి పెడితే ఏమవుతుంది?"

"చువ్వలు తుప్పు పడతాయి."

"తెరిచి పెడితే దారిన పోయేవాళ్ళ కళ్ళు పోతాయి!"

"చూసుకుని నడిచేవాళ్ళ కళ్ళెందుకు పోతాయండీ?"

"నా సర్వీసు మొత్తం ఒక్క గొడుగుతో గడిపానయ్యా! నాకు చెబుతావా?"

"అందుకే కారుతోంది. మీరు నడిచినంత మేరా నీళ్ళే."

"కారేది నా గొడుగు కాదు, మీ ఆస్పత్రి కప్పు!"

ఈ మాట అనేసరికి ఆయన పడుకుని ఉన్నారు, తల పట్టీలో ఉంది, బల్ల లోపలికి జారుతోంది. ఇవన్నీ ఎప్పుడు జరిగాయో ఆయనకే తెలియదు. "జవాబు బయటికొచ్చాక చెప్పండి. ఈలోగా తల కదిపారో, మీరు ఓడిపోయినట్టే," అని పేచీగారు తలుపు వేసుకుని వెళ్ళిపోయారు. హెడ్మాస్టరు పళ్ళు బిగించి పడుకున్నారు. తల వెంట్రుకవాసి కదల్లేదు. బొమ్మలు అద్దంలో చూసినంత స్పష్టంగా వచ్చాయి. బల్ల బయటికి రాగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న తన మెదడు గురించి కాదు. "చువ్వలకి నూనె రాస్తే తుప్పెలా పడుతుంది? చెప్పు, ఎలా పడుతుంది?" అన్నారు.

ఈ తగువులన్నిటికీ సాక్షి స్కానింగ్ గది సిస్టర్. పేషెంటు చేతికి సూది పెట్టడం, మందు ఎక్కించే గొట్టం తగిలించడం ఆవిడ పని. ఆవిడకి గట్టిగా మాట్లాడితే తలనొప్పి వస్తుంది. ఇంట్లో అత్తగారికీ మొగుడికీ రోజూ ఏదో ఒక వాదన నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ఉద్యోగంలోనైనా కాస్త ప్రశాంతంగా ఉందామని వార్డు నుంచి ఏరికోరి స్కానింగ్ గదికి మార్పించుకుంది. అక్కడైతే పేషెంట్లు నోరు మూసుకుని పడుకుంటారని ఆవిడ ఆశ. ఆవిడ అంచనాలో తప్పేం లేదు. పేషెంట్లు నిజంగానే నోరు మూసుకుని పడుకుంటారు, పేచీగారు లేని ఆస్పత్రుల్లో.

ఛాతీ స్కాన్ ఉన్నరోజు ఆ గోల ఒక రకం. ఇప్పటి మిషన్లలో బల్ల ముందుకు జారుతుంటే ఎక్స్‌రే గొట్టం దాని చుట్టూ తిరుగుతూ, యాపిల్ తొక్కని తెగకుండా ఒకే చుట్టగా తీసినట్టు, మనిషిని మెడ నుంచి పొట్టదాకా ఒక్క ఊపిరిలో చూసేస్తుంది. ఆ ఒక్క ఊపిరీ బిగపట్టడమే పేషెంటుకి కష్టం. భయపడ్డ మనిషి పైపైన పీలుస్తాడు, బల్ల కదలగానే వదిలేస్తాడు. పేచీగారి పేషెంట్లకి ఆ ఇబ్బంది ఉండేది కాదు. ఒక లారీ డ్రైవరు బల్ల మీద ఉండగా మైకులో ఆయన గొంతు వినిపించింది.

"మీ లారీవాళ్ళు మలుపులో హారన్ కొట్టేది ఎదుటివాడి కోసం కాదట. మీకు భయమేసి కొట్టుకుంటారట. నిజమేనా?"

డ్రైవరు దిమ్మ తిరిగిపోయే జవాబొకటి చెబుదామని రొమ్ము నిండా గాలి పీల్చాడు.

"ఆపండి! అలాగే బిగపట్టండి!"

డ్రైవరు జవాబుని లోపలే పట్టుకుని పడుకున్నాడు. బల్ల జారింది, గొట్టం తిరిగింది, పని అయిపోయింది. "వదలొచ్చు," అన్నారు పేచీగారు. డ్రైవరు వదిలిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. సిస్టర్ చెవులు మూసుకుంది.

పొట్ట స్కాన్‌లో నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. రక్తనాళాలు, కాలేయం, మూత్రపిండాలు ఆ మందు తగిలాకే బొమ్మలో వెలుగుతాయి. అది ఎక్కేటప్పుడు ఒళ్ళంతా గుప్పున వేడెక్కుతుంది, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది. మామూలు మనిషికి అప్పుడు పైప్రాణాలు పైనే పోతాయి. సిస్టర్ ముందే చెప్పి ధైర్యం నూరిపోస్తుంది కానీ, బట్టల కొట్టు యజమానురాలొకావిడ విషయంలో ఆ అవసరం రాలేదు. సూది పెడుతున్నంతసేపూ పేచీగారు ఆవిడ కొట్లో కొన్న దుప్పటి ఉతికితే కురచైపోయిందని వాదిస్తూనే ఉన్నారు.

"అమ్మా, ఇప్పుడు మీకు ఒళ్ళు వేడెక్కుతుంది," అన్నారు మైకులో.

"ఎప్పుడో ఎక్కింది!"

"అది మందు వల్ల."

"మందు వల్ల కాదు, నీ వల్ల! వేడినీళ్ళలో నానబెట్టి నా దుప్పటిని అంటావా?"

ఆ స్కాన్‌లో ఒకే చోటుని మూడుసార్లు తీయాలి. మందు ధమనుల్లో ఉన్నప్పుడొకటి, కాలేయానికి చేరాక ఒకటి, బయటికి పోయేముందు ఇంకొకటి. చివరిదానికి కాసేపు ఆగాలి. ఆ ఆగినంతసేపూ పేచీగారు దుప్పటి సంగతి వదిలి దిండు గలీబుల సంగతి ఎత్తుకున్నారు. దిగి వెళ్ళేటప్పుడు ఆవిడ సిస్టర్ దగ్గర ఆగి, "నువ్వెలా వేగుతున్నావమ్మా ఈయనతో? నీ ఒంటికి మంచిది కాదు," అని జాలిపడింది.

చిన్నపిల్లలతో మాత్రం ఆయన పేచీ పెట్టుకునేవారు కాదు. వాళ్ళ అమ్మలతో పెట్టుకునేవారు. తమ అమ్మను ఎదిరించే పెద్దమనిషిని చూసి పిల్లలు నోరు వెళ్ళబెట్టుకుని, ఎక్కడ వేస్తే అక్కడ బొమ్మల్లా పడుకునేవారు.

ఇన్ని గొడవలు జరిగాక ఫిర్యాదులు రాకుండా ఎలా ఉంటాయి? సూపరింటెండెంటు గది ముందున్న పెట్టెలో పడే కాగితాల్లో సగం పేచీగారి మీదే. చివరికి ఒకరోజు సూపరింటెండెంటు పేచీగారినీ సిస్టర్‌నీ పిలిపించారు.

"మీ పనిలో వంక పెట్టడానికి లేదు మాస్టారూ. డాక్టర్లందరూ మీ బొమ్మలే కావాలంటారు. కానీ మీ నోరుంది చూశారూ..."

"నోరు అందరికీ ఉంటుంది కదండీ."

"ఇదుగో, నాతో కూడానా!" సూపరింటెండెంటు బల్ల మీద చెయ్యి వేశారు. "ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, మిమ్మల్ని పాత ఎక్స్‌రే ఫిల్ముల గోదాములో వేస్తాను. అక్కడ బీరువాలున్నాయి. వాటితో పోట్లాడుకోండి."

పేచీగారు నమస్కారం పెట్టి బయటికి నడిచారు. సిస్టర్ మనసులో కాస్త సంతోషపడింది. వెంటనే, అలా సంతోషపడినందుకు కాస్త నొచ్చుకుంది కూడా.

ఆ మర్నాడే ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు పట్టుకుని పేచీగారి భార్య ఆస్పత్రికి వచ్చింది. సిస్టర్ ఆవిడని అంతకుముందు చూడలేదు. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషంటే భీకరంగా ఉంటుందనుకుంది. చూస్తే నిమ్మళంగా, నవ్వు మొహంతో ఉంది.

"ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి," అంది సిస్టర్. "ఇంట్లో ఎలా వేగుతున్నారు?"

"ఎవరితో?"

"సార్‌తోనే."

"ఆయనతో వేగడానికేముందమ్మా? అసలు మాట్లాడితే కదా! కూరగాయలవాడు పుచ్చులిచ్చినా తలూపి తెచ్చుకుంటారు. పక్కింటివాళ్ళు మా గేటు ముందు బండి పెడితే ఈయనే మా గోడ దూకి లోపలికొస్తారు. మా చెల్లెలైతే, 'అక్కా, బావగారికి మాటొచ్చా?' అని పెళ్ళైన కొత్తలో అడిగింది."

సిస్టర్ నమ్మలేదు. "గొడవే పడరా?"

"ఎప్పుడూ లేదు. అప్పుడప్పుడు భోజనాల దగ్గర మాత్రం వింత ప్రశ్నలేస్తుంటారు. సబ్బు అరిగిపోయాక కొత్తదానికి అతికించాలా, పారేయాలా అని మొన్న అడిగారు. అతికించాలి అన్నాను. ఎందుకు అన్నారు. చెప్పాను. చాలా బాగుంది అన్నారు. అంతే, మళ్ళీ నోరు విప్పలేదు."

ఆ రోజు పొద్దున స్కాన్‌కి వచ్చిన గుమాస్తాతో పేచీగారు పోట్లాడింది సబ్బు ముక్క గురించే. సిస్టర్‌కి ఏదో తట్టీ తట్టనట్టయింది. ఇంతలో చేతికి సూది పెట్టాల్సిన పేషెంటు రావడంతో ఆ సంగతి అక్కడే ఆగిపోయింది.

అది ముందుకు నడిచింది సిస్టర్ అత్తగారి వల్ల.

అత్తగారు కుట్టుపనిలో ఆరితేరిన మనిషి. ఆ వీధిలో ఆవిడ కొలతలు తీసుకోని ఒళ్ళు లేదు. నోటికి కూడా అంతే పదును. కొడుకూ, పాలవాడూ, బ్యాంకు గుమాస్తా అందరూ ఆవిడ ముందు చొక్కా సరిచేసుకుని నిలబడతారు. అలాంటావిడ మెట్లెక్కితే గుండెలో పట్టేసినట్టుందని మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టింది. గుండె డాక్టరు చూసి, రక్తనాళాల్లో అడ్డేమైనా ఉందేమో తెలియాలన్నారు. మణికట్టు దగ్గర సన్నటి గొట్టం పెట్టి గుండెదాకా పంపి చూడటం ఒక పద్ధతి, సీటీ స్కాన్‌లో చూడటం ఇంకో పద్ధతి.

"నా ఒంట్లోకి గొట్టం దూర్చేట్టయితే ఈ నొప్పితోనే ఉంటాను. నాకేం బెంగ లేదు," అని తేల్చేసింది అత్తగారు.

"అయితే సీటీ చేయించుకోండి అత్తయ్యా."

"చూద్దాంలే."

ఆ చూద్దాంలేలో ఏముందో సిస్టర్‌కి తెలుసు. అంతకుముందు ఒక ప్రైవేటు సెంటర్‌లో అత్తగారు బల్ల దాకా వెళ్ళి, మిషన్ గుండ్రం వైపు ఒక్క చూపు చూసి, లేచి, వాళ్ళిచ్చిన గౌనులోనే బస్టాపు దాకా నడిచి వచ్చేసింది. ఎందుకొచ్చేశావమ్మా అని కొడుకు అడిగితే, "ఆ గౌను కుట్టు చూశావా? అలాంటిది తొడిగించేవాళ్ళకి మిషన్ నడపడం మాత్రం ఏం వస్తుంది?" అంది. భయమేసిందని చచ్చినా అనదు.

గుండె స్కాన్‌లో ఒక చిక్కుంది. గుండె ఒక్క క్షణం ఊరుకోదు. రెండు కొట్టుకోవడాల మధ్య అది కాస్త సద్దుకునే సందు చూసి మిషన్ బొమ్మ తీస్తుంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటే సందు దొరుకుతుంది. పరిగెడితే బొమ్మ అలుక్కుపోయి, ఎవరికీ పనికిరాదు. మామూలుగా గుండెను నెమ్మది చేసే మాత్ర ఇస్తారు. అత్తగారికి ఉబ్బసం. ఆ మాత్ర పడదు. అంటే ఆవిడ తనంతట తాను నెమ్మదించాలి, లేదా మణికట్టు గొట్టానికి ఒప్పుకోవాలి, లేదా నొప్పేమిటో తెలియకుండానే మెట్ల మధ్యలో కూర్చుంటూ ఉండాలి.

సిస్టర్ ముందురోజే పేచీగారి దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, రేపు మా అత్తగారొస్తున్నారు. గుండె స్కాన్. మీకు దండం పెడతాను, ఒక్క మాట కూడా అనకండి. ఆవిడ అసలే నిప్పు. గుండె పరిగెత్తిందంటే పని చెడుతుంది. పైగా ఆవిడ ఊరుకునే రకం కాదు, తిన్నగా సూపరింటెండెంటు గదికే వెళుతుంది. మీరు గోదాములో తేలతారు."

"నెమ్మదిగా మాట్లాడతానులెండి."

"నెమ్మదిగా కూడా వద్దు. అసలు మాట్లాడకండి. ఒట్టెయ్యండి."

పేచీగారు ఏదో చెప్పబోయి, ఆవిడ మొహం చూసి, "ఒట్టు," అన్నారు.

మర్నాడు అత్తగారు వచ్చింది. గౌను తొడుక్కుని, దాని చేతికుట్టు గోటితో గీకి చూసి, పెదవి విరిచి, బల్ల మీద పడుకుంది. సిస్టర్ ఆవిడ చేతికి మందు సూది పెట్టి, ఛాతీకి తీగలు అంటించింది. పక్కనున్న తెర మీద గుండె లెక్క కనబడసాగింది. డెబ్బై.

"రండమ్మా," అన్నారు పేచీగారు అలవాటుకొద్దీ. "పడుకోండి."

"పడుకునే ఉన్నాను కదా."

పేచీగారు తలూపారు. అంతే.

అత్తగారు కోడలి వైపు చూసింది. "ఈయనేనా నువ్వు చెప్పే పేచీగారు? మూగవాడిలా ఉన్నాడేం?"

సిస్టర్ గతుక్కుమంది. పేచీగారు అదీ విననట్టే అద్దం వెనక్కి వెళ్ళిపోయారు.

గదిలో సడి లేదు. సిస్టర్ ఎన్నాళ్ళుగానో కోరుకున్న నిశ్శబ్దం అది. ఏసీ చప్పుడు, మిషన్ లోపల ఏదో సన్నగా తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినబడటం లేదు. అత్తగారికి చూడటానికి ఆ గుండ్రం తప్ప ఇంకేం లేదు. చూసింది. ఎనభై. మళ్ళీ చూసింది. తొంభై. పక్కగదిలోంచి స్కానింగ్ డాక్టరమ్మ వచ్చి తెర చూసి, "ఇలా అయితే లాభం లేదు. కాసేపు చూద్దాం. తగ్గకపోతే దింపేయండి, గొట్టం పద్ధతే గతి," అని మెల్లగా చెప్పి వెళ్ళింది. మెల్లగా చెప్పినా అత్తగారు విన్నది. తొంభై దాటింది.

"దింపేయండి నన్ను," అంది అత్తగారు. "గాలాడటం లేదు. ఇంటికెళతాను."

సిస్టర్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి మంచులా ఉంది. పాలవాణ్ణి గడగడలాడించే చెయ్యి కోడలి వేళ్ళని గట్టిగా పట్టుకుని వదలడం లేదు. ఆ ఇంట్లో ఎవరికైనా ఈవిడంటే భయముండటమే సిస్టర్‌కి తెలుసు. ఈవిడకి భయముండటం ఎప్పుడూ చూడలేదు.

సిస్టర్ చెయ్యి విడిపించుకుని అద్దం గదిలోకి పరిగెత్తింది.

"మాస్టారూ, ఏదో ఒకటి అనండి!"

"ఒట్టేయించుకున్నారు కదా."

"తీసేశాను! మీకు పుణ్యముంటుంది, పోట్లాడండి!"

"దేని మీద?"

"దేని మీదైనా! ఆవిడ బట్టలు కుడుతుంది."

పేచీగారు కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళారు.

"అమ్మా, మీరు కుట్టుపని చేస్తారట కదా?"

"చేస్తే?"

"ఏం లేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కొందరు తడుపుతారు చూడండి, అది నాకు నచ్చదు. తడపకుండా ఎక్కించడం చేతకానివాళ్ళు చేసే పని."

అత్తగారు మెడ ఎత్తింది. తెర మీద వంద. సిస్టర్ కళ్ళు మూసుకుంది.

"చేతకానివాళ్ళా? నువ్వెలా ఎక్కిస్తావయ్యా, మంత్రం చదివా?"

"కొస పట్టుకుని తిన్నగా పెడతాను."

"ఎక్కుతుందా?"

"...ఒక్కోసారి ఎక్కుతుంది."

"ఒక్కోసారి! కొస ఎలా కత్తిరిస్తావు?"

"అడ్డంగా."

"అదీ సంగతి! ఏటవాలుగా కత్తిరించాలి. అడ్డంగా కత్తిరిస్తే పోగులు విచ్చుకోవూ?"

"విచ్చుకుంటాయనుకోండి. కానీ తడిపినంత మాత్రాన దారం ఉబ్బిపోదా? అప్పుడు ఎక్కేదీ ఎక్కదు."

"నిన్ను దారం తడపమన్నదెవరు? సూది తడుపు. బెజ్జం దగ్గర తడి చేసి దారం చూపించు, అదే లాక్కుంటుంది."

పేచీగారు తల గోక్కున్నారు. "సూదినా?"

"సూదినే."

"ఇన్నేళ్ళూ నేను దారం సంగతే చూశానమ్మా. సూది సంగతి నాకు తట్టనే లేదు. మీరన్నదే రైటు. నాదే తప్పు."

అత్తగారు మెడ దించి దిండు మీద ఆనించింది. ఒక పెద్ద ఊపిరి వదిలింది. తెర మీద లెక్క తొంభై కిందకి జారింది.

"తప్పని ఒప్పుకున్నావు, అది చాలు," అంది ఉదారంగా. "ఇంకేమైనా తెలియకపోతే అడుగు."

"ఒకటుందమ్మా. నేను గుండీ ఎంత గట్టిగా కుట్టినా ఊడిపోతుంది."

"బట్టకి అంటించి కుడతావా?"

"అవును. గట్టిగా ఉండాలని."

"అందుకే ఊడుతుంది. కాస్త వదులుగా కుట్టి, గుండీకీ బట్టకీ మధ్య దారంతో మెడలా చుట్టాలి. ఆ మెడ లేకపోతే గుండీకి మసలే చోటేదీ?"

"మెడా! ఆహా. ఇందులోనూ నేను ఓడిపోయాను."

ఎనభై. డెబ్బై. పేచీగారు జేబు ఎలా అతకాలో తనకు తెలుసన్నారు, రెండు మాటల్లో తెలియదని తేలిపోయింది. కాలరు గురించి నోరెత్తి, వెంటనే వెనక్కి తగ్గారు. అరవై చిల్లర. అత్తగారు ఎండాకాలం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మనిషిలా ఉంది. పేచీగారు మెల్లగా వెనక్కి నడిచి తలుపు వేసుకున్నారు. "ఒళ్ళు కాస్త వెచ్చగా అవుతుందమ్మా. ఊపిరి తీసుకోండి. బిగపట్టండి." అత్తగారు గెలిచిన మనిషి తీసుకునే ఊపిరి తీసుకుంది. గొట్టం తిరిగింది. గుండె, తన సందులో తాను నిలబడి, బొమ్మ తీయించుకుంది.

డాక్టరమ్మ బొమ్మలు తిప్పి తిప్పి చూసింది. ఒకచోట కొంచెం సన్నబడింది, మందులతో చూసుకోవచ్చు, మణికట్టులో గొట్టం అక్కర్లేదు అంది. సిస్టర్ అత్తగారి సూదీ తీగలూ తీసేసి అద్దం గదిలోకి వచ్చింది. అప్పుడు ఆవిడకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గుండె స్కాన్లన్నీ మధ్యాహ్నం పూట ఉండేవి. ఆ పేషెంట్లందరి దగ్గరా పేచీగారు ఓడిపోయేవారు. మధ్యాహ్నానికి ఆయనకి ఓపిక అయిపోతుందని ఇన్నాళ్ళూ ఆవిడ అనుకుంటూ వచ్చింది.

"మీరు కావాలనే ఓడిపోయారు," అంది.

"లేదు సిస్టర్. సూది తడపాలని నాకు నిజంగా తెలియదు." కంప్యూటర్ వైపు తిరిగి ఏదో నొక్కుతూ, "అయినా గుండెవాళ్ళ దగ్గర గెలవకూడదు. బొమ్మ అలుక్కుపోతుంది," అన్నారు.

"మరి మిగతావాళ్ళు?"

"నా మీద కోపంగా ఉన్నంతసేపూ ఆ గుండ్రం వైపు చూడరు కదా."

"ఈ ముక్క సూపరింటెండెంటు గారితో ఎందుకు చెప్పరు? అన్ని తిట్లు తినే బదులు?"

పేచీగారు ఇబ్బందిగా కదిలారు. "చెబితే అందరికీ తెలుస్తుంది. తెలిస్తే ఇంక ఎవరికి కోపమొస్తుంది?"

సిస్టర్ ఇంకేదో అడగబోయి గదిలోకి తొంగి చూసింది. బల్ల ఖాళీగా ఉంది. అత్తగారు లేదు.

ఆవిడ గౌనుతోనే సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళిందని వార్డుబాయ్ చెప్పాడు. సిస్టర్ గుండె జారింది. అప్పుడే ఎవరైనా సిస్టర్‌కి తీగలు తగిలించి ఉంటే ఆ లెక్క చూసి భయపడేవారు. పరుగున వెళ్ళేసరికి సూపరింటెండెంటు కలం మూత తీసి, కాగితం ముందుకు లాక్కుంటున్నారు.

"చెప్పండమ్మా. ఆయన మీతో పోట్లాడారు. అంతేనా?"

"పోట్లాటా?" అంది అత్తగారు. "దాన్ని పోట్లాటంటారా మీ ఆస్పత్రిలో? రెండు మాటలకే చేతులెత్తేశాడు. పాపం, గుండీ కుట్టడం కూడా రాదు. అలాంటి మెత్తని మనిషి మీద ఫిర్యాదులొస్తున్నాయని మా కోడలు చెబితే, ఎవరా చేసేవాళ్ళని అడిగిపోదామని వచ్చాను."

సూపరింటెండెంటు కలానికి మళ్ళీ మూత పెట్టేశారు.

"ఇంకోటి. ఈ గౌన్లు కుట్టినవాణ్ణి ఒకసారి పిలిపించండి," అత్తగారు చేతికుట్టు ఆయన ముందు పరిచింది. "వాడితో నాకు పనుంది."

పేచీగారు గోదాముకి వెళ్ళలేదు. రిటైరయ్యేదాకా ఆ గదిలోనే పోట్లాడారు. ఆయన తరవాత వచ్చిన కుర్ర టెక్నీషియన్ మంచివాడు, మర్యాదస్తుడు. మైకులో మిషన్‌కున్న రికార్డు గొంతునే పెడతాడు. ఒకరోజు ఒక ముసలాయన బల్ల మీద బిగుసుకుపోయి వణుకుతుంటే సిస్టర్ కాసేపు చూసింది. తరవాత దగ్గరికి వెళ్ళి, "మీ చెప్పులు అలా అడ్డంగా విడిచారేమిటండీ?" అంది. అంతకంటే పెద్ద గొడవ ఆవిడకి ఇంకా చేతకాదు. నేర్చుకుంటోంది.

పేచీగారు ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక పళ్ళ డాక్టరు దగ్గర చేరారు. అక్కడున్నది చిన్న సీటీ. పేషెంటు కూర్చునే ఉంటాడు, మిషన్ తల చుట్టూ ఒక్కసారి తిరిగి దవడ ఎముకల్నీ పళ్ళ వేర్లనీ చూపిస్తుంది. అది తిరిగినంతసేపూ తల కదలకుండా పేషెంటు ముందు పళ్ళతో ఒక చిన్న పుల్ల కొరికి పట్టుకోవాలి. అందువల్ల ఆయన ఏమన్నా ఎవరూ జవాబు చెప్పరు. ప్రతి తగువులోనూ ఆయనే గెలుస్తున్నారు. ఆ ఉద్యోగం ఆయనకి అంతగా నచ్చడం లేదు.